మాళాతో సహా

మా ఆఫీసులో మధ్యాహ్నం డబ్బాలు విప్పే వేళ ఒకరి ఫోను మరొకరి చేతిలోకి పోవడం రివాజు. ఆ మధ్య ఒకనాడు పక్క బల్ల గుమాస్తా తన ఫోను నా ముందు పెట్టి, "చూడండి, ఏమి వైభోగమో!" అన్నాడు. ఫోర్టులో ఇంగ్లీషువాళ్ల కాలంనాటి రాతి భవనంలో ఒక "లోఫ్ట్ అపార్టుమెంటు" అమ్మకానికి ఉన్నదని ప్రకటన. ఎత్తయిన కప్పు, పాత టేకు దూలాలు, లోపలనే మెట్లెక్కి పోతే సగం అంతస్తు, దాని మీద ఒక మంచం, మంచం పక్కన ఒక దీపం. చారిత్రక కట్టడంలో కాపురముండే భాగ్యం అందరికీ దొరకదని కింద వ్రాసినారు. ధర చదివి మేము నలుగురమూ కాసేపు తినడం మానినాము.

నాకు నవ్వు వచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని అడిగినారు. "నేను గూడా అటువంటిదే అమ్ముతున్నాను" అన్నాను. అబద్ధం కాదు. పాత కట్టడమే, ఎత్తయిన కప్పే, టేకు దూలాలే, నిచ్చెన ఎక్కితే సగం అంతస్తే. కాకపోతే వారిది ఫోర్టు, మాది కామాఠీపుర.

ఆ పేరు చెప్పగానే ఎదుటివారి ముఖంలో ఏదో మారుతుంది. ఆనాడూ మారింది. మన పత్రిక చదివేవారిలో ఆ గల్లీలలో పుట్టి పెరిగినవారు చాలామంది ఉన్నారు గనుక వారికి వివరించనవసరం లేదు. ఉద్యోగపు దరఖాస్తులో చిరునామా వ్రాసేటప్పుడు నాగ్‌పాడా అనో, ముంబయి సెంట్రల్ అనో వ్రాసి ఊరుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. నిజానికి ఆ పేరు మన పేరే. నిజాం ఇలాకా నుంచి కూలి పనులకు వచ్చిన తెలుగువాళ్లను ఇక్కడివారు కామాఠీలన్నారు. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డు కట్ట పూర్తి అయి సముద్రపు పోటు ఆగిన తరువాత, ఈ పల్లపు నేలలు మెల్లగా పూడి ఇళ్లకు పనికి వచ్చినవి. అక్కడ చేరినవాళ్లు కామాఠీలు, ఊరు కామాఠీపుర. పట్నం కట్టినవాళ్ల పేట అన్న సంగతి ఎవరికీ జ్ఞాపకం లేదు. తరువాత వచ్చిన పేరే అందరికీ జ్ఞాపకం.

మా చాళు 1940కి ముందు కట్టినది. అందుచేత సర్కారు లెక్కలో "ఏ" తరగతి, సెస్సు కట్టే భవనం. నాలుగు అంతస్తులు, కర్ర మెట్లు, వరుసగా ఖోలీలు, వాటి ముందు పొడుగాటి వరండా, వరండా చివర అందరికీ కలిపి పాయిఖానాలు. మా ఖోలీ పది అడుగులకు పన్నెండు. మూలన స్నానానికీ గిన్నెలు తోముకోవడానికీ మోరీ. దాని పక్కన నల్ల రాతి వంట గట్టు. ముంబయిలో ఆ రాతిని "కడప్పా" అంటారు. అది మన కడప అని మా మరాఠీ పొరుగువారికి చెబితే నమ్మేవారు కారు. రాయికి ఊరి పేరు ఎవరు పెడతారని వాదించేవారు.

కప్పు పదకొండున్నర అడుగుల ఎత్తు. ఆ ఎత్తే మమ్మల్ని బ్రతికించింది. నేల మీద చోటు లేని చోట గాలిలో చోటు చేసుకొనడం ఈ పట్నపు విద్య. నేలకు ఆరున్నర అడుగుల ఎత్తున గోడ నుంచి గోడకు దూలాలు వేసి పలకలు పరిస్తే అది పోట్‌మాళా. మరాఠీలో పోట్ అంటే పొట్ట, మాళా అంటే మేడ. ఖోలీ పొట్టలోని మేడ అన్నమాట. మనవాళ్లు ఉత్త మాళా అంటారు.

మా మాళా 1988లో కట్టినది. కట్టించినది మా అక్క.

ఈ సంగతి నేను మరిచిపోయినానని కాదు. జ్ఞాపకం ఉండీ లెక్కలోకి తీసుకోలేదు. ఈ వ్యాసం అందుకోసమే వ్రాస్తున్నాను.

మా నాయిన మిల్లులో సాంచా నడిపేవాడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన దాదాపు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మెలోకి దిగినారు. ఆ సమ్మెను విరమించినట్లు ఎవరూ ప్రకటించనే లేదని చెబుతారు. మా ఇంట్లో అది ఎట్లా ముగిసిందంటే, నాయిన ఒక గోదాములో రాత్రి కాపలాకు కుదిరినాడు, అక్క బడి మానింది. మునిసిపాలిటీ తెలుగు బడిలో అయిదో తరగతి పూర్తి అయింది ఆమెకు. పన్నెండేళ్లు. అప్పటి నుంచి అవ్వతోపాటు చాట ముందర వేసుకొని కూర్చుంది. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకొనడం. రాత్రి ఆకు నానబెట్టడం. తెల్లవారి కత్తిరించి, చుట్టి, ఇరవై అయిదేసి కట్టలు కట్టడం. కార్ఖానాలో కట్టలు విప్పి చూసి బాగా లేనివి తీసి పారేసేవారు. వాటికి కూలి లేదు, ఆకు ఖర్చు మాత్రం మన లెక్కలోనే.

ఆ కూలిలో నుంచి నెలకింత తీసి, గల్లీలో ఒక ఆమె నడిపే భిశీలో కట్టేది అక్క. నాలుగేళ్లు కట్టింది. చీటి వచ్చిన నెలలో అవ్వ బంగారం కొందామన్నది, పెండ్లికి పనికి వస్తుందని. అక్క మాళా అన్నది. "ఇంట్ల ఏడుగురం ఉన్నం. పోరలు చదువుకోను జాగ యాడున్నది?" అన్నదట. పోరలం నేనూ, మా తమ్ముడూ. తక్కిన ఇద్దరూ ఊరి నుంచి పని కోసం వచ్చిన నాయిన అన్నగారి కొడుకులు. పలకలు దారుఖానా నుంచి వచ్చినవి, విరిచిన పాత ఓడలవి. వాటిలో మేకుల చిల్లులు వేలు పట్టేటంత ఉండేవి. ఆ చిల్లులలో నుంచి కింద అవ్వ వంట చేయడం కనబడేది. నేను గోళీలు జారవిడిచి తిట్లు తిన్నాను.

మెట్రిక్ దాకా నేను చదివినదంతా ఆ మాళా మీదనే. పైన అయిదడుగుల ఎత్తు గూడా లేదు. కూర్చొనవచ్చు, పాకవచ్చు, నిలబడడం కుదరదు. మే నెలలో పొగా, ఉక్కా పైకే వచ్చేవి. ఊరి నుంచి ఎవరు వచ్చినా ముందు మాళా ఎక్కవలసినదే. పని దొరికినదాకా ఉండేవారు, దొరికినాక భివండీకో వర్లీకో పోయేవారు. ఒక దీపావళికి పైన ఎనిమిది మంది పడుకున్నాము. ప్రక్కకు తిరగాలంటే అందరూ ఒకేసారి తిరగాలి.

అక్క మాత్రం ఆ మాళా మీద మూడేళ్లే పడుకుంది. 1991లో సోలాపూరు ఇచ్చినాము.

ముంబయి కట్టడపు నియమాలలో మాళాకు ఒక నిర్వచనం ఉన్నది. దాని ఎత్తు ఒకటిన్నర మీటరుకు మించరాదు, అది సామాను పెట్టుకొనడానికి మాత్రమే. ఆఫీసు పని మీద ఆ పుస్తకం తిరగవేస్తూ మొదటిసారి ఆ మాట చదివినప్పుడు చాలాసేపు ఆ పేజీ మీదనే ఉన్నాను. ఇన్నేళ్లూ నేను చట్ట ప్రకారం సామానునే. అందుకనే మాళా విస్తీర్ణం ఖోలీ కొలతలో చేరదు. కాగితం మీద మా ఇల్లు నూట ఇరవై చదరపు అడుగులు. ఓడ పలకల మీద గడిచినదంతా సున్నా.

అమ్మకం సంగతికి వస్తాను. అసలు ఖోలీ మాది కాదు, గోడలు మాలిక్‌వి. మాది పగ్డీ. కట్టినప్పుడో తరువాతనో ఒక మొత్తం ఇచ్చి, ఆ తరువాత చిన్న అద్దె మీద తరతరాలూ ఉండే హక్కు. 1947 నాటి అద్దె చట్టం అద్దెలను 1940 సెప్టెంబరు 1 నాటి మట్టానికి కట్టివేసింది. చిన్న అద్దెతో మాలిక్ మరమ్మతు చేయడు, మరమ్మతు లేని ఇంటికి అద్దె పెంచమని అద్దెదారు అడగడు. ఇద్దరి మధ్యా చాళు కృశిస్తుంది. పగ్డీ సొమ్ము పుచ్చుకొనడం ఆ చట్టం ప్రకారం నేరం. పుచ్చుకొననివారు మాత్రం లేరు. 1999 చట్టం 2000 మార్చి 31 నుంచి అమలులోకి వచ్చి, దానిని సక్రమం చేసి, అద్దె ఏటా నూటికి నాలుగు పెంచుకోవచ్చునన్నది. ఖోలీ చేతులు మారినప్పుడు మాలిక్‌కు ఇంచుమించు మూడో వంతు ఇవ్వడం వాడుక. అతడు పుచ్చుకొని కొత్తవాడి పేర రసీదు వ్రాస్తాడు. ఆ చిన్న రసీదే పట్టా, అదే దస్తావేజు.

ఇన్నాళ్లకు అమ్మడమెందుకని మీరు అడగవచ్చు. నేను కల్యాణ్‌లో, తమ్ముడు భివండీలో ఉన్నాము. అవ్వ పోయిన తరువాత ఖోలీకి తాళం పడింది. సరయిన కారణం లేకుండా ఆరు నెలలు వరుసగా వాడకపోతే ఖాళీ చేయించమని మాలిక్ కోర్టుకు పోవచ్చు. అదీగాక మెట్ల కింద ఇనుప స్తంభాలు ఆనించి ఉన్నవి. ప్రతి వానాకాలానికి ముందు మ్హాడావారు ప్రమాదకరమైన భవనాల జాబితా వేస్తారు. దానిలో మన చాళు పేరుందా అని వెతకడం మాకు పంచాంగం చూడడం వంటిదయింది. ఒకటి నుంచి పదిహేను వరకు గల్లీలన్నీ కలిపి కొత్తగా కట్టే పథకం మ్హాడా చేపట్టినది, నిజమే. ఆగితే పెద్ద ఇల్లు వస్తుందని కొందరన్నారు. మా నాయిన కొత్త ఇంటి మాట వింటూనే పోయినాడు, అవ్వ వింటూనే పోయింది. నా కూతురు కాలేజీ ఫీజు ఆగదు.

దలాలు వచ్చి చూసినాడు. గోడలు తట్టలేదు, కిటికీ తెరవలేదు. నిచ్చెన ఎక్కి మాళా మీద రెండు కాళ్లతో ఎగిరి చూసి, "పక్కా ఉన్నది" అన్నాడు. ప్రకటనలో మొదటి మాటే "మాళాతో సహా" అని వేసినాడు. మాళా లేకపోతే ఎంత వస్తుందని ఊరికే అడిగినాను. అయిదో వంతు తగ్గించుకోమన్నాడు. నియమాల పుస్తకంలో సున్నా, దలాలు లెక్కలో అయిదో వంతు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి లెక్క వేసినాను. మాలిక్ వాటా ఇంత, దలాలుకు ఇంత, మిగిలినది రెండు భాగాలు: ఒకటి నాది, ఒకటి తమ్ముడిది. అంకెలు అందంగా వచ్చినవి. నా భార్య చూసి, "మరి వదినెకు ఏం రాసిండ్రు?" అని అడిగింది.

"చీరె పెడదాం. కొంత చేతిలో పెడదాం" అన్నాను.

"మాళా ఎవలు కట్టిచ్చిండ్రు?" అన్నది. పెండ్లయి వచ్చినప్పుడు ఆ మాళా మీదనే కాపురం చేసిన మనిషి. నేను సమాధానం చెప్పలేదు. పెట్టె తీసి పాత కాగితం చూసినాను.

ఆ కాగితం 2005 నాటిది. నాయిన పోయిన తరువాత రసీదు నా పేరికి మారడానికి తోబుట్టువుల నుంచి అభ్యంతరం లేదను పత్రం కావలసివచ్చింది. ఆఫీసు టైపు యంత్రం మీద, ఇంగ్లీషులో, స్టాంపు కాగితం మీద నేనే టైపు చేసినాను. "సదరు ఖోలీలో గాని, అందలి ఏ భాగంలో గాని నాకు ఎట్టి హక్కూ లేదు, ఇక ముందు కోరను" అని దాని అర్థం. అంత గట్టిగా వ్రాయమని మాలిక్ అడగలేదు. గుమాస్తాలకు అలవాటయిన భాష అది, ఏ సందూ లేకుండా మూసివేయడం. సంవత్సరీకానికి వచ్చిన అక్క ముందు పెట్టి, "ఒక సంతకం పెట్టు అక్కా, రసీదు కోసం" అన్నాను. ఆమె చదవబోలేదు. "నువ్వు రాసినవు గద తమ్మీ, మళ్ల నేను చదువుడెందుకు?" అన్నది. అయిదో తరగతి నాటి గుండ్రని తెలుగు అక్షరాలలో పేరు వ్రాసింది.

సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్సులో సోలాపూరు పోయినాను. మంచి చీరె ఒకటి తీసుకొనే పోయినాను, అది గూడా చెప్పాలి గదా. అక్క గుమ్మంలో చాట వేసుకొని కూర్చొని ఉన్నది. అల్లుడు వచ్చినాడు, కోడలు వచ్చింది, ఇప్పటికీ బీడీలు చుట్టడం మానలేదు. చేతులు ఊరికే ఉంటే నొస్తయని అంటుంది. చీరె విప్పి చూసి, మంచిగున్నదని మడిచి పక్కన పెట్టింది. అన్నం తిన్న తరువాత ఖోలీ అమ్ముతున్న సంగతి చెప్పినాను. ఎంతకు అని అడిగింది. చెప్పినాను. మాలిక్‌కు ఎంత అన్నది. మూడో వంతన్నాను.

"ఆయనకెందుకు?"

"గోడలు ఆయనవి గదా."

"మరి మాళా ఎవలది?"

నేను తయారు చేసుకొనిపోయిన మాటలు ఏవీ నోటికి రాలేదు. మూడు సమ భాగాలు చేద్దామని మాత్రం అనగలిగినాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణానికి ముందు ఆ ఆలోచన నాకు గట్టిగా లేదు. తల అడ్డంగా ఊపింది అక్క. "నాయిన ఖోలీల వాటా నేనడుగ. మీరు అవ్వను చూసుకున్నరు. నా మాళా పైసలు నాకియ్యుండ్రి. ఎంతయితే గంతే" అన్నది. అప్పుడు దలాలు చెప్పిన అయిదో వంతు మాట చెప్పినాను. ఆమె చేతిలోని బీడీ పూర్తి చేసి, దారం చుట్టి, కట్టలో పెట్టి, "గట్లయితే అయిదో వంతు" అన్నది.

పాత కాగితం సంగతి గూడా చెప్పినాను. అందులో ఏమి వ్రాసినానో తెలుగులో చదివి వినిపించినాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "అంత రాసినవా?" అని మాత్రం అన్నది. నన్ను తిట్టి ఉంటే నాకు సుళువుగా ఉండేది.

తమ్ముడు ఒప్పుకొనలేదు. "కాగితం ఉన్నది గదన్నా" అన్నాడు. కాగితం వ్రాసినవాణ్ణి నేను. ఆ మాటకు జవాబు చెప్పే యోగ్యత నాకే తక్కువ. వాడి సంగతీ వ్రాయాలి. మర మగ్గాల పని రెండేళ్లుగా సరిగా లేదు, అప్పులున్నవి. అక్క భిశీ నాటికి వాడికి అయిదేళ్లు. వాడికి తెలిసినంతవరకు మాళా గోడతోపాటు పుట్టినదే. నెల రోజులు ఫోనుల మీద వాదించుకున్నాము. చివరకు వాడు తన వైపు నుంచి కొంత తగ్గించుకున్నాడు, మిగిలినది నా భాగంలో నుంచి తీసినాను. ఇప్పుడు మాట్లాడుతున్నాడు గాని, పండుగకు పిలిస్తే పని ఉన్నదంటాడు.

ఈసారి కాగితం తెలుగులో వ్రాసినాను. చేతి వ్రాత. అక్క కూడబలుక్కొని చదివింది, ఒక్కొక్క పంక్తి కింద వేలు పెట్టి. "రెండు వేల రూపాయల ఖర్చుతో" అన్నచోట వేలు ఆపింది. "రెండు వేల మూడు వందల యాభై" అన్నది. "నిచ్చెన వేరే." కొట్టివేసి, దిద్ది, పక్కన సంతకం చేసినాను.

ఖోలీ ఇచ్చివేసే నాడు అక్క గూడా వచ్చింది. కొన్నవాడు చేతిసంచులు కుట్టించి బజారుకు వేసే మనిషి. కింద కాపురం, పైన సరకు అన్నాడు. మాళా మొదటిసారి చట్ట ప్రకారం నడవబోతున్నది. మోకాళ్లు నొస్తున్నా అక్క నిచ్చెన ఎక్కి కూర్చుంది. నేనూ ఎక్కినాను. ఓడ మేకుల చిల్లులు చాలావరకు అవ్వ పిండితో, సిమెంటుతో మూసివేసింది. ఒకటి రెండు మిగిలినవి.

కొన్నవాడు కింద నిలబడి, ఈ మాళా ఎంత బరువు ఆపుతుందని హిందీలో అడిగినాడు. నాకు కిలోల లెక్క తెలియదు. ఏదో చెప్పబోతున్నాను. అక్క చిల్లులో నుంచి కిందకు చూసి, "ఎనిమిది మంది. వాళ్ల పెట్టెలు గూడ" అని మరాఠీలో చెప్పింది.

అతడు మనసులో ఏదో గుణించుకొని, చాలునన్నాడు. మేము దిగేసరికి మొదటి మూటలు వరండాలోకి వచ్చి ఉన్నవి.